మెదడును మరచిన పన్ను

మధుమేహం రక్తంలో చక్కెరకే పరిమితమైన వ్యాధి కాదు. పొట్టలో పేరుకున్న కొవ్వు వెలువరించే రసాయనాలు, ఇన్సులిన్‌ హార్మోనుకు శరీరం సరిగా స్పందించని స్థితి కలిసి మెదడులోనూ కంటికి కానరాని వాపునకు దోహదం చేస్తాయి. మతిమరుపు వ్యాధి ముప్పు పెరుగుతుంది. ముట్లుడిగిన స్త్రీలలో ఆ వాపును అదుపుచేసే ఈస్ట్రోజెన్‌ కూడా తగ్గిపోతుంది.

దేశంలో మధుమేహులు 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా కట్టింది. అతిగా ప్రాసెస్‌ చేసిన ఆహారంపై అధిక పన్నును పరిశీలించవచ్చునని 2024-25 ఆర్థిక సర్వే సూచించింది. జరిగింది వేరు. 2025 సెప్టెంబరులో బిస్కట్లు, చాక్లెట్లపై జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. వినియోగదారునికి ఊరట నిజమే. కాని చౌక చిరుతిండి అసలు ధరను రేపు ఆస్పత్రిలో చెల్లించవలసినది అతడే. పొట్లంపై హెచ్చరిక ముద్రించడం, పప్పులు, కూరగాయలను పేదలకు అందుబాటులోకి తేవడం ప్రభుత్వ కనీస కర్తవ్యం.