పాట గుడిలో, పాడినవాడు వెలుపల



ఉద్దానములో ఒక చిన్న సంఘమునకు నేను కాపరిగా నున్నప్పుడు జరిగిన సంగతి ఇది. పలాసలో జీడిపిక్కల పని చేయు ఒక సహోదరుడు పండ్రెండేండ్లు సారాకు బానిసయై, ఒక ఉజ్జీవకూటములో కన్నీళ్లతో లేచి, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకొనెను. తన విడుదలను గూర్చి తానే పాట కట్టెను. క్రిస్మసు రాత్రి డోలక్కుతోను తాళములతోను మేమందరము దానిని పాడితిమి. సంక్రాంతి దాటకమునుపే అతడు మరల త్రాగెను. సిగ్గుచేత గుడికి రాలేదు. మేమును పిలువలేదు. అతని పాటను మాత్రము విడువక పాడుచునే యుంటిమి. చాల నాళ్లకు నేను వెళ్లినప్పుడు అతడన్న మాట ఇది: "నా పాట మీకు పనికొచ్చింది గాని, నేను పనికిరాలేదు, అయ్యగారూ."

ఆ మాట నన్ను నేటికిని విడువలేదు. అందుచేతనే ఇది వ్రాయుచున్నాను.

సినిమా పాటలను ఖండించుట మనకు సులభము. ఖండింపవలసినదే. 1953లో 'దేవదాసు' చిత్రము వచ్చినది మొదలు, సీసా పట్టుకొని యేడ్చువాడు మన జనులకు గొప్ప ప్రేమికుడుగా కనబడుచున్నాడు. ఘంటసాల గారి కంఠము మధురము కాదని నేననను. అయితే ఆ మాధుర్యమంతయు త్రాగువాని దుఃఖమునకే చెల్లుచున్నది. అట్టివాని యింట పొయ్యిలో పిల్లి లేవని సంగతి ఆ పాటలకు పట్టదు. నేటి పాటలు అనేకములలో ఆ దుఃఖము సైతము లేదు, త్రాగుట ఒక వేడుక. ఇప్పుడు సారాకు గంజాయి తోడైనది. ఒడిశా వైపునుండి వచ్చు గంజాయి మూటలు పలాస స్టేషనులో పట్టుబడిన వార్తలు మనకు క్రొత్త కావు.

"పాటయే గదా, ఇంత పట్టింపు ఏల?" అందురేమో. పాట శక్తి ఉద్దానమునకు ఒకరు నేర్పనక్కరలేదు. 1969లో మరణించిన సుబ్బారావు పాణిగ్రాహి బొడ్డపాడు ప్రాంతమున జముకుల కథ చెప్పి ఊళ్లను కదిలించెను. అతని మార్గము మనది కాదు. అయినను అతని జముకు మ్రోత వినినవారు మునుపటివలె నుండలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు తమ పాఠములో తమ యింటి కథనే చదివి 1992లో సారా దుకాణములపై లేచిరి. 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. చట్టము దుకాణమును మూయగలదు, తెరువగలదు. పడినవాని చేయి పట్టుకొనుట మన పని.

ఆ పనిలోనే మన పాటలు తప్పిపోవుచున్నవి. సినిమా పాట త్రాగువానిని గోతిలోనే కూర్చుండబెట్టి యేడ్పించును. మన సాక్ష్యపు పాట అతనిని ఒక్క రాత్రిలో కొండ శిఖరమున నిలువబెట్టును. రెండును అబద్ధమే. నలువదవ కీర్తన తెరచి చూడుడి. మొదట ఓపికతో కనిపెట్టుట, తరువాత ఊబిలోనుండి లేవనెత్తబడుట, తరువాత బండమీద పాదములు నిలుచుట, అడుగులు స్థిరపడుట. అటుపిమ్మటనే క్రొత్త పాట. కీర్తన అక్కడ ముగియలేదు. పాడిన నోరే తన దోషములు తన్ను తరిమి పట్టుకొనెనని మొఱ్ఱపెట్టి, ఆలస్యము చేయవద్దని దేవుని వేడుకొనుచున్నది. ఆ చివరి వచనములను మనమేల పాడము?

ఈ తొందర ప్రాణములకే అపాయము. బహుకాలము విపరీతముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల వణకు, మూర్ఛ, మతి తప్పుట సంభవించవచ్చును, మరణించువారును కలరు. ప్రార్థించుడి, అయితే అతనిని వెంటనే ఆసుపత్రికి తోడుకొని పోవుడి. వైద్యుని యొద్దకు పోవుట అవిశ్వాసము కాదు. మత్తు మానుటకు సలహా నిచ్చు 14446 అను ప్రభుత్వపు ఉచిత టెలిఫోను సంఖ్యను గుడి గోడమీద వ్రాయుడి. 1935లో అమెరికాలో ఇద్దరు త్రాగుబోతులు, ఒకరి కష్టము ఒకరితో చెప్పుకొని, ఆల్కహాలిక్స్ అనానిమస్ అను కూటమిని ఆరంభించిరి. వారు జీవితమంతటికి ఒట్టు పెట్టుకొనరు. నేటి దినమునకు మాత్రమే. పడినవాడు మరల వచ్చినయెడల అతనికి కుర్చీ వేయుదురు. మన గుడిలో అతనికి చాప యున్నదా?

సహోదరులారా, సహోదరీలారా, మీ సంఘములో ఎవరైన విడుదల సాక్ష్యము చెప్పినయెడల చప్పట్లు కొట్టి విడువకుడి. మరుసటి సోమవారము అతని యింటికి పోవుడి. కూలి డబ్బు చేత పడు సాయంకాలము అతనితో కూడ నడువుడి. భార్యను, పిల్లలను తిన్నారా యని అడుగుడి. అతడు పడినయెడల మొదట మీరే వెళ్లుడి. తొంబది తొమ్మిదింటిని విడిచి వెళ్లిన కాపరి, గొఱ్ఱె సిగ్గు విడిచి తిరిగి వచ్చువరకు కూర్చుండలేదు.

పాట కట్టినవాడు వెలుపల నుండగా ఆ పాట లోపల పాడకుడి. అతనిని తోడుకొని వచ్చి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అప్పుడు పాడుడి.