నిచ్చెన ఒకరిది, ఎక్కేది మరొకరు

సంక్రాంతికి వెల్ల వేయించాలన్నా, వానలకు ముందు పెంకులు సర్దించాలన్నా, గడ్డివాము వేయాలన్నా పల్లెటూళ్లలో ముందుగా వెతికేది నిచ్చెననే. అది ఏ దొడ్డి మూలనో గోడకు ఆనించి ఉంటుంది. ఏడాది పొడుగునా ఎండకు ఎండి, వానకు తడిసిన ఆ నిచ్చెనను తెచ్చి, బూజు దులిపి కూలివాడి చేతికిస్తారు. ఎక్కేది అతనే గాని ఇంటి యజమాని కాడు. నిచ్చెనపట్ల ఇంత అశ్రద్ధకు ఇదే మూలకారణమని చెప్పవలసి ఉంటుంది.

వెదురు నిచ్చెన ముందుగా కాళ్ల దగ్గరే చెడుతుంది. తడినేల మీద నిలబెట్టి ఉంచితే అడుగు కణుపులు నాని కుళ్లిపోతాయి, చెదలు పడతాయి. వెదురులో పిండిపదార్థం ఉండడంవల్ల తొలిచే పురుగు కూడా చేరుతుంది. పైకి గడ నున్నగానే కనిపిస్తుంది. సన్నని పిండిలాంటి పొడి రాలుతూ ఉంటే మాత్రం లోపల గుల్ల అవుతున్నట్టే. అనుమానం ఉన్నచోట కత్తి మొనతో గుచ్చి చూడాలి. మెత్తగా దిగిపోతే ఆ నిచ్చెన పొయ్యిలోకే పనికివస్తుంది.

జాగ్రత్త చేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. చూరు కింద గోడకు బలమైన కొయ్యమేకులు మూడు కొట్టి, నిచ్చెనను అడ్డంగా పెడితే చాలు. నేల చెమ్మ తగలదు, వాన తగలదు. రెండే మేకులైతే పొడుగు నిచ్చెన నడుమ వంగిపోతుంది. పిల్లలు ఎక్కి ఆడుకునే బెడద కూడా దీనితో తీరుతుంది.

కొందరు కొయ్య నిచ్చెనకు రంగు వేయించి మురిసిపోతారు. రంగు కింద పగులు కనబడదన్న సంగతి మరచిపోతారు. అవిసె నూనె పూయడం మేలు. విరిగిన మెట్టుకు తాడు చుట్టి ‘ఈ పూటకు గడుస్తుందిలే’ అనడం మరీ అన్యాయం. ఆ పూటే నడుము విరిగితే కూలివాడి ఇంట్లో పొయ్యి వెలిగించేదెవరు?

ఇప్పుడు అల్యూమినియం నిచ్చెనలు వచ్చాయి. వీటికి చెదల బాధ లేదుగాని, కరెంటు తీగకు తగిలితే ప్రాణానికే ముప్పు. తడిసిన వెదురును కూడా తీగల దగ్గర నమ్మడానికి లేదు. వీధి దీపాలు మార్చే పంచాయతీ సిబ్బందికి ఎలాంటి నిచ్చెన ఇస్తున్నారో సర్పంచులు స్వయంగా చూడవలసిన అవసరం ఎంతైనా ఉంది. కొత్త నిచ్చెన కొనడం ఏ పంచాయతీకీ మోయలేని భారం కాదు.

‘ఈ నిచ్చెన ఎక్కను’ అంటే పని ఇంకొకరికి పోతుందని కూలివాడు నోరు మెదపడు. కనుక అడగకముందే యజమాని కాళ్లు, మెట్లు, కట్లు ఒక్కొక్కటీ పట్టి చూసి, తాను రెండు మెట్లు ఎక్కి దిగి, ఆ తర్వాతే దాన్ని అతనికి ఇవ్వాలి.