పెట్టె అందరికీ, తాళం వాలంటీర్లకు

స్పెషల్ క్యాంపు అమ్మాయిల ప్రణాళిక

మొన్నటి ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) స్పెషల్ క్యాంపులో ఏం జరిగిందో వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు. రానివాళ్లకు మాత్రం వేరే కథ చేరింది. అమ్మాయిలు ఫోన్లు పట్టుకుని శ్రమదానం ఎగ్గొట్టారట, అందుకే లాక్కున్నారట. అందుకే ఇది రాసి, సంతకాలు పెట్టి మరీ ఇస్తున్నాం.

రెండో రోజు రాత్రి బోరింగు దగ్గర గిన్నెలు కడుగుతున్న మమ్మల్ని చాటుగా వీడియో తీసి, పాట తగిలించి రీలు పెట్టింది మా యూనిట్ అబ్బాయే. మేం ఫిర్యాదు చేశాం. తెల్లారేసరికి మా ఫోన్లన్నీ ఇనప్పెట్టెలోకి వెళ్లాయి. అతని ఫోన్ అతని జేబులోనే ఉంది. "ఫొటోలకు అబ్బాయిలవి కావాలి కదమ్మా, ఇదంతా మీ భద్రత కోసమే" అన్నారు ప్రోగ్రామ్ ఆఫీసర్ (పీఓ) సార్. ఆ భద్రత ఎలాంటిదంటే, ఒకమ్మాయికి రాత్రిపూట జ్వరం ముంచుకొస్తే ఇంటికి కబురు చెప్పడానికి మేం పంచాయతీ ఆఫీసు దాకా చీకట్లో నడిచి అక్కడ పడుకున్న అబ్బాయిల్ని నిద్రలేపాలి. ఎదురు అడిగినవాళ్ల పేర్లు ముగింపు సభనాడు సర్టిఫికెట్ల జాబితాలో లేవు.

గాంధీ శతజయంతి ఏడాది 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఈ పథకానికి 'నేను కాదు, నువ్వు' అనేది నినాదం. మా క్యాంపులో దాన్ని ఫోన్ అప్పగించే దగ్గర పాటించారు.

మేం ఒప్పుకునేవి ఇవి. శ్రమదానంలో, చర్చల్లో, భోజనాల దగ్గర, దీపాలు ఆర్పాక ఫోన్ వద్దు. ఇంటింటి సర్వేకి కావాలి, సర్వే అయ్యాక పెట్టెలోకి. ఊరివాళ్లనైనా తోటి వాలంటీర్‌నైనా అడగకుండా ఫొటో తీయొద్దు. ఇందులో మాకు పేచీ లేదు.

పేచీ తాళం దగ్గర. పెట్టె అందరికీ ఒకటే ఉండాలి: అమ్మాయిలకూ అబ్బాయిలకూ, పీఓ సార్‌కూ, కండువా కప్పించుకోవడానికొచ్చే అతిథులకూ. తాళం వాలంటీర్లు ఎన్నుకున్న ఇద్దరి దగ్గర, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి దగ్గర ఉండాలి. సర్టిఫికెట్ ఇచ్చే చేతిలోనే తాళం కూడా ఉంటే ఫోన్ దాచడం శిక్షగా మారుతుంది, ఫిర్యాదు చేయాల్సిన నోరు మూతపడుతుంది. మాకు అదే జరిగింది. సార్‌కు కాలేజీ నుంచి ఫోన్లొస్తాయంటారా? అమ్మాయిల గదిలో ఒకటి, అబ్బాయిల గదిలో ఒకటి అత్యవసర ఫోన్లు రాత్రింబవళ్లు తెరిచి ఉంచుదాం, 112కు చేసినా ఇంటికి చేసినా వాటి నుంచే. ఆ నంబర్లు కాలేజీకీ, తల్లిదండ్రులకూ ఇద్దాం. నివేదికకు జియోట్యాగ్ ఫొటోలు కావాలంటారా? క్యాంపుకంతటికీ ఒక్క ఫోన్ చాలు, రోజుకొకరం పట్టుకుంటాం. కెమెరా నొక్కడం అమ్మాయిలకూ వచ్చు. ఇంకుడు గుంత తవ్వింది ఐదారుగురు. గట్టు మీద పారలు పట్టుకుని, ఫ్లెక్సీ వెనక నిలబడింది యూనిట్ మొత్తం. ఎండలో మళ్లీ మళ్లీ నిలబెట్టి తీసిన ఆ ఫొటోలు రీలు కిందికి రావా?

కోజికోడ్ జిల్లాలో ఒక కాలేజీ హాస్టల్ అమ్మాయిలకు సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ నిషేధించారు. ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఆమెను తిరిగి చేర్చుకోమని 2019లో కేరళ హైకోర్టు చెప్పింది. ఇంటర్నెట్ వాడుకోవడం చదువు హక్కులో, గోప్యత హక్కులో భాగమని కూడా అంది. హాస్టల్ వేరు, క్యాంపు వేరు అంటారేమో. వేరే. క్యాంపు వారం రోజులే కాబట్టే పెట్టెకు తలూపుతున్నాం. ఆడపిల్లల ఫోన్లే పెట్టడానికైతే తలూపం.

ఇకమీదట ఈ జిల్లాలో ఏ దత్తత గ్రామంలో ఏ క్యాంపు జరిగినా, మొదటి సాయంత్రం అధికారి ఫోనే అందరికంటే ముందు పెట్టెలో పడాలి. ఊరి అవ్వ ముందు కూర్చున్న వాలంటీరు ఆమె ముఖం చూసి మాట్లాడాలి. రాత్రి పాటలు మేం పాడుకోవడానికే ఉండాలి, ఎవరి ఖాతాలోనో లైకులు రాలడానికి కాదు. పెట్టె ఒకటే! నియమం ఒకటే! ఇది అతి అనిపించేవాళ్లు ముందు తమ జేబులు చూసుకోవాలి.

ఏడాదికి 120 గంటల సేవ మా వంతు మేం చేస్తాం. ఆపిన సర్టిఫికెట్లు ముందు ఇవ్వండి. వచ్చే క్యాంపు బస్సు మాత్రం పై నియమాలు నోటీసు బోర్డు ఎక్కాకే మేం ఎక్కుతాం.

ఇట్లు, రెండు యూనిట్ల మహిళా వాలంటీర్లు. మద్దతిచ్చిన నలుగురు అబ్బాయిల సంతకాలు వేరే కాగితం మీద ఉన్నాయి. ఆ కాగితం సార్‌కు చూపించొద్దని వాళ్లే అడిగారు.