ఊరకే కూర్చోడానికీ మీటింగ్ రిక్వెస్టా?

డచ్చివాళ్ళ భాషలో 'నిక్సెన్' అని ఓ మాటుంది. ఏ పనీ పెట్టుకోకుండా ఊరకే ఉండటం అన్నమాట. మన ఊళ్ళలో అరుగుల మీద ఇది తరతరాలుగా జరిగేదే, కాకపోతే మనం దాన్ని గోళ్ళు గిల్లుకోవడం అన్నాం. ఇప్పుడదే ఒత్తిడికి మందంటూ పుస్తకాలొచ్చాయి. రానివ్వండి, నాకేం పేచీ లేదు. నా గోలంతా మన ఐటీ కంపెనీలు ఆ మందుని ఎలా వాడుతున్నాయన్న దాని గురించే.

మా ఆఫీసులో బుధవారం సాయంత్రం నాలుగింటికి అందరూ కళ్ళు మూసుకుని అరగంట ఊరకే కూర్చోవాలి. దానికో కాలెండర్ ఇన్వైటు, హాజరు, అయ్యాక ఫీడ్‌బ్యాక్ ఫారం! ఆన్‌కాల్‌లో ఉన్నవాడి జేబులో అలర్టులు మాత్రం మోగుతూనే ఉంటాయి. ఇక ఆ టైములో జరగాల్సిన స్టేటస్ కాల్ రాత్రి తొమ్మిదిన్నరకి జరుగుతుంది.

అడిగితే 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ప్రయోగం చూపిస్తారు. ఒంటరిగా ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోమంటే 18 మంది మగవాళ్ళలో 12 మంది తమకు తామే కరెంటు షాకిచ్చుకున్నారు. ఆ షాకు తప్పించుకోడానికి డబ్బైనా ఇస్తామని ముందు చెప్పినవాళ్ళే! కాబట్టి ఖాళీగా ఉండటం మనకి నేర్పించాలట. అయ్యా, అది ఇంకొకడు కూర్చోమంటే కూర్చోవడం. అరుగు మీది తాతని ఎవరూ కూర్చోమనలేదు, బుద్ధి పుడితే లేచి పోతాడు. రెండూ ఒకటెలా అవుతాయి? సియోల్‌లో 2014 నుంచీ ఊరకే కూర్చునే పోటీలే పెడుతున్నారు, 90 నిమిషాలు. గుండె వేగం కొలిచి మరీ మార్కులు. నవ్వొస్తుంది కానీ, కనీసం అక్కడ ఫోను ముట్టుకోనివ్వరు.

మన దగ్గర 2023లో నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలన్నారు, 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు దాన్ని 90 చేశారు. ఫ్రాన్సులో 2017 నుంచీ, 50 మందికి పైగా ఉన్న కంపెనీలు పని వేళల తర్వాత ఫోన్లూ మెయిళ్ళూ ఆపడం గురించి ఉద్యోగులతో మాట్లాడి తేల్చుకోవాలని చట్టముంది. ఇక్కడ సుప్రియా సూలే గారి 2018 నాటి ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు.

చట్టం సంగతి తర్వాత. ముందు ఆన్‌కాల్ రోస్టర్‌లో ఇంకో ఇద్దర్ని వెయ్యండి సారూ, రాత్రి కాల్స్ ఆపండి. కళ్ళు మూసుకునే సంగతి ఇంటి దగ్గర మేం చూసుకుంటాం, ఫారం నింపకుండా.