సొరకాయ తింటాం, మా ఆకుకూరలు కూడా వండండి

ఈసారి మన గోడపత్రికకు కథలు, పొడుపుకథలు, బొమ్మలు చాలా వచ్చినాయి గానీ అభిప్రాయం అని ఎవరూ రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను. అక్షరదోషాలుంటే తెలుగు సారు దిద్దుతారు. నేను చెప్పేది తిండి గురించి. తిండి గురించి రాసేదానికి ఏముందని పదో తరగతి అక్కలు నవ్వుతారేమో. నవ్వండి, కానీ మొత్తం చదివి నవ్వండి.

రాత్రి భోజనాలైనాక ప్లేట్లు కడిగే కొళాయి పక్కన నీలం బకెట్ పెడతారు గదా, ఒకసారి వంగి దాంట్లో చూడండి. అన్నం మెతుకులు తక్కువే ఉంటాయి. సొరకాయ ముక్కలు, క్యాబేజీ, కాకరకాయ, పప్పులోనుంచి ఏరేసిన టమోటా తొక్కలు, ఇవే ఎక్కువ. తెల్లారితే ఊర్లోనుంచి ఒకాయన వచ్చి ఆ బకెట్‌ను తన బర్రెలకు తీసుకపోతాడు. సైన్సు పాఠంలో చదివిన విటమిన్లన్నీ మనకంటే ఆ బర్రెలకే బాగా అందుతున్నాయి. అవి ఎంత నిగనిగలాడుతున్నాయో మీరూ చూసే ఉంటారు.

ఇది చూసి పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. "అడవి పిల్లలకు కూరగాయల రుచి ఏం తెలుసు, వీళ్ళకు చారు, ఊరగాయ ఉంటే చాలు" అని. ఈ మాట నాకు అస్సలు నచ్చదు. నల్లమలలో మా గూడెం పిల్లలు తినేవి రాస్తే ఈ చార్టు సరిపోదు. ఎండాకాలంలో మొర్రిపండ్లు, తునికిపండ్లు. వానలు పడంగానే నేరేడు. దసరా కాలంలో సీతాఫలాలు. ఆ తర్వాత ఉసిరికాయలు, సంక్రాంతి వస్తే రేగుపండ్లు, పరికిపండ్లు. చిగురేసే కాలంలో చింతచిగురు. వాన పడినాక చేలగట్ల మీద చెంచలాకు, గురుగాకు, తుమ్మికూర. ఇవి కాక గడ్డలు. బుడంకాయలు ఎంత చేదుగా ఉంటాయో కర్నూలు, కడప పిల్లలందరికీ తెలుసు, అవి కూడా తింటాం. చేదు బుడంకాయ తినే పిల్లకు సొరకాయ గొంతు దిగడం లేదంటే, ఆ పిల్ల కూరగాయలు తినని పిల్ల కాదు. అలవాటు లేనిది తినడం లేదు, అంతే.

మా తిండి తక్కువది కూడా కాదు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళు 2017లో మన దేశంలో తినే 528 పదార్థాలను పరీక్ష చేసి, ఏది తింటే ఏమొస్తుందో పట్టికలు వేసినారు. సైన్సు మేడమ్ ఆ సంగతి చెప్పినప్పుడు నేను రాసుకున్నాను. వంద గ్రాముల ఉసిరికాయలో సి విటమిన్ 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. వంద గ్రాముల ఆపిల్‌లో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. మన దగ్గర ఆపిల్ అంటే జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడుకున్నవాళ్ళకు చుట్టాలు తెచ్చే పండు. దానికి ఉన్న మర్యాద అడవిలో ఊరికే రాలే ఉసిరికాయకు లేదు.

ఇంతవరకు చదివి మా గూడెం పిల్లలు సంతోషపడి ఉంటారు. ఇప్పుడు చెప్పేది వాళ్ళకు నచ్చకపోవచ్చు.

మనం ఏడాదిలో పది నెలలు హాస్టల్లోనే ఉంటాం. నేను మూడో తరగతి నుంచి ఇట్లనే ఉన్నాను. ఇక్కడ మొర్రిచెట్టు లేదు, అవి పండే కాలానికి పరీక్షలు. మా అవ్వకు తెలిసిన గడ్డల్లో సగం నాకు పేర్లు కూడా తెలియవు. 1940లో హైమెండార్ఫ్ అనే ఒక పరదేశం ఆయన కృష్ణానది అవతలి ఒడ్డున ఉండే చెంచుల దగ్గర ఉండి, వాళ్ళ బతుకు చూసి 1943లో పుస్తకం వేసినాడు. గడ్డలు తవ్వుకుని, పండ్లు ఏరుకుని వాళ్ళు ఎట్లా బతికేదీ దాంట్లో రాసినాడంట. ఇప్పుడు గూడెంలో కూడా స్టోరు బియ్యమే. గడ్డలు తవ్వే చేతులు ముసలివాళ్ళవి. మనమేమో అడవి తిండి మరిచిపోతున్నాం, ఊరి కూరగాయలు నేర్చుకోవడం లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. మధ్యలో మనకు మిగిలింది తెల్లన్నం, చారు, అంగడిలో అమ్మే ఐదు రూపాయల కారం ప్యాకెట్.

మొన్న నర్సమ్మ వచ్చి రక్తపరీక్ష చేసినప్పుడు వరుసలో నిలబడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మన వయసు ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. ఎవరికెంత వచ్చిందో నేను ఇక్కడ రాయను, అది వాళ్ళ సొంత విషయం. కానీ ప్రేయర్‌లో కళ్ళు తిరిగి పడేది ఎవరో, మెట్లెక్కితే ఆయాసపడేది ఎవరో అందరికీ తెలుసు. వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రను కొందరు నాలుక కింద దాచి బయట ఊస్తారు, అదీ తెలుసు. మాత్ర మింగాల్సిందే. మాత్రతో పాటు కూరాకు కూడా తినాలి. ఆకుకూరలో ఇనుముంటుంది, అది ఒంటికి బాగా పట్టాలంటే అదే పూట సి విటమిన్ ఉన్నది ఏదన్నా తినాలి. నిమ్మకాయ, జామకాయ, ఉసిరి, ఏదైనా సరే. అన్నం తిన్న వెంటనే టీ తాగితే వచ్చేది కూడా రాకుండా పోతుంది.

సరే, నచ్చని కూర ఎట్లా తినాలి? నేను చూసి నేర్చుకున్నవి చెప్తాను. చిన్నపిల్లల తిండి మీద పరిశోధన చేసినవాళ్ళు చెప్పేదేమంటే, కొత్త రుచి ఒకసారికే నచ్చదు. ఎనిమిదిసార్లో పదిసార్లో కొంచెం కొంచెం నోట్లో పెట్టుకుంటే అప్పుడు నాలుక ఒప్పుకుంటుంది. కాబట్టి ఒకరోజు సొరకాయ తిని "థూ" అన్నవాళ్ళు ఇంకా తొమ్మిదిసార్లు బాకీ. నేను పెట్టుకున్న లెక్క రోజుకు ఒక్క ముద్ద, అది కూడా మొదటి ముద్ద. ఆకలి మీద ఉన్నప్పుడు నాలుక అంత పేచీ పెట్టదు. కడుపు నిండినాక తిందామంటే ఆ ముక్క బకెట్‌లోకే పోతుంది. సొరకాయ నాకు ఐదారు వారాలు పట్టింది. వంటక్క ఒకరోజు దాంట్లో నీళ్ళు తగ్గించి, చెనిక్కాయల పొడి చల్లింది. ఆ రోజునుంచి అది నాకు కూరలాగా కనబడింది.

పక్కవాళ్ళ నుంచి కూడా నేర్చుకోవచ్చు. కడప పక్క నుంచి వచ్చిన మా గదిలో పిల్ల మటిక్కాయలను నూగుల పొడితో ఎట్లా చేస్తారో చెప్తుంటే నోరూరుతుంది. ఇక్కడివాళ్ళు వాటినే గోరుచిక్కుడు అంటారు. సుగాలి పిల్లలు తండా నుంచి వచ్చినప్పుడు ఆకుకూరల కథలు మోసుకొస్తారు. యానాది పిల్లల దగ్గర ఇంకో రుచి. ఒకే హాల్లో కూర్చుని ఇన్ని ఇండ్ల రుచులుండి, అందరం కలిసి ఒకే క్యాబేజీని తిట్టుకుంటున్నాం. క్యారెట్ కూరలో నచ్చనివాళ్ళు ఆదివారం కూరగాయలు తరిగే వంతు వచ్చినప్పుడు పచ్చిది కొరికి చూడండి, తియ్యగా ఉంటుంది (అక్కలు ఒకటి రెండు ముక్కలకు ఏమీ అనరు, ఎక్కువైతే అంటారు). బీట్‌రూట్ గురించి ఆరో తరగతి చెల్లెళ్ళకు ఒక మాట. అది తిన్న మరునాడు ఒంటికి ఎర్రగా వస్తే అది రక్తం కాదు, బీట్‌రూట్ రంగే. పోయిన నెల ఒక పాప మరుగుదొడ్డి దగ్గర ఏడుస్తూ కూర్చుంది, ఎవరూ చెప్పక.

"మాది కాదు, మా పెద్దోళ్ళు తినలేదు" అనేవాళ్ళకు సోషల్ సారు చెప్పిన సంగతి చెప్పాలి. మన సీమకు ప్రాణం లాంటి చెనిక్కాయ ఇక్కడిది కాదు, దక్షిణ అమెరికాది. మిరపకాయ, టమోటా, ఉర్లగడ్డ, జామ, బొప్పాయి కూడా అమెరికా ఖండాల నుంచే వచ్చినాయి. కొలంబస్ 1492లో అటుపక్క పోయినాక, పోర్చుగీసువాళ్ళు ఓడల్లో ఇటు తెచ్చినారు. సీతాఫలం కూడా అట్లనే వచ్చిందంట! సీతమ్మ పేరు పెట్టుకుని, నల్లమల అంతా తానే మొలిచి, అవ్వల కాలం నుంచి మా పండే అనుకుంటున్నాం. అంటే ఎప్పుడో ఒక అవ్వ మొదటిసారి ఆ పండు చేతిలో పట్టుకుని, ఇదేంది కండ్లు కండ్లుగా ఉంది, తినొచ్చా తినగూడదా అని అనుమానపడే ఉంటుంది. ఆమె పారేసి ఉంటే మనకు సీతాఫలం లేదు. మిరపకాయ రాకముందు మనవాళ్ళు కారం ఎట్లా తిన్నారో నాకు ఇప్పటికీ ఊహకు అందదు.

ఇప్పుడు వార్డెన్ మేడమ్ గారికి, వంట అక్కలకు. పిల్లలకు మాత్రమే చెప్పి పెద్దవాళ్ళకు చెప్పకపోతే అది సగం అభిప్రాయమే అవుతుంది. మీరు తెల్లవారి నాలుగింటికి లేచి ఇంతమందికి వండుతారు, ఆ కష్టం మాకు కనబడుతుంది. అయినా కూరగాయలు పొద్దున్నే తరిగి నీళ్ళల్లో వేసి పెడితే సి విటమిన్ ఆ నీళ్ళల్లోకే దిగిపోతుంది. కడిగి, తర్వాత తరిగి, వెంటనే పొయ్యి మీద పెడితే బాగుంటుంది. మెత్తగా పాచిపోయినట్లు ఉడికిన క్యాబేజీ ఎవరికీ నచ్చదు, మీకూ నచ్చదని మీ ముఖాలు చూస్తే తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషి రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలంటుంది. అన్నం మీద పడే ఒక గరిటె కూరలో ముక్కలు ఎంతుంటాయో ఒకరోజు స్టోర్ రూమ్ తక్కెడలో పెట్టి చూద్దాం, నేను వచ్చి పట్టుకుంటాను.

పత్తికొండ మార్కెట్‌లో ధర పడిపోయినప్పుడల్లా రైతులు టమోటాలు రోడ్డు మీద పారబోసి పోతారు. పులివెందుల పక్క అరటి, చీనీకాయలు లారీలకు ఎక్కి దూరదేశాలకు పోతాయి. వాటి పక్కనే ఉన్న మన హాస్టల్లో పండు అంటే లెక్క ప్రకారం ఇచ్చే అరటిపండు ఒకటే. ధర పడిన రోజుల్లో టమోటాలు ఎక్కువ తెచ్చి ఊరిబిండి చేస్తే పిల్లలు అన్నం మిగల్చరు. ఇది ఖర్చు పెంచే మాట కాదు.

ఇంకొకటి అడగాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినాను. అడుగుతున్నాను. నెలలో ఒకసారి అమ్మావాళ్ళు చూడను వచ్చినప్పుడు బిస్కట్ ప్యాకెట్లు, మిక్చర్ ప్యాకెట్లు గేటు దాటి లోపలికి వస్తాయి. అమ్మ గంపలో మోసుకొచ్చిన సీతాఫలాలు, రేగుపండ్లు మాత్రం "బయటి తిండి" అని గేటు దగ్గరే ఆగిపోతాయి. దసరా తర్వాత ఒకమ్మ పద్దెనిమిది మైళ్ళు వచ్చి, గంప గేటు బయట దించుకుని, బిడ్డతో మాట్లాడి, నిండు గంప మళ్ళీ నెత్తిన పెట్టుకుని పోయింది. పిల్లలకు కడుపునొప్పి వస్తే బాధ్యత ఎవరిదని మేడమ్ భయపడతారు, ఆ భయం నిజమైనదే. కానీ ప్యాకెట్‌లో ఏముందో మనకు తెలియదు, సీతాఫలంలో ఏముందో తెలుసు. కుళ్ళినవి తీసేసి, కడిగి, అందరికీ పంచమని రూలు పెట్టండి. గింజలు మింగొద్దని మేమే చిన్నపిల్లలకు చెప్తాం.

వారానికి ఒక్క పూట మన చుట్టుపక్కల దొరికే ఆకుతో పప్పు యెనిపి పెట్టమని కూడా అడుగుతున్నాను. బడి వెనక చేతులు కడిగే నీళ్ళు ఊరికే పారుతున్న చోట మునగకొమ్మలు నాలుగు నాటితే, ఏడాది తిరిగేసరికి ఆకు కోసుకోవచ్చు. మునగకు నీళ్ళు ఎక్కువ అక్కరలేదు, మన ఎండను తట్టుకుంటుంది. గుంతలు తవ్వేది తొమ్మిదో తరగతి వాళ్ళం.

మొన్నటి వానకు గ్రౌండు గట్టు మీద, మన రైతు పక్కింటి చేను అంచున చెంచలాకు బాగా వచ్చింది. ఆ రైతును అడిగినాను, మందు కొట్టలేదు, కోసుకోండి అన్నాడు. మేడమ్ ఒప్పుకుంటే ఈ ఆదివారం టిఫిన్ అయినాక పోదాం. వచ్చేవాళ్ళు శనివారం సాయంత్రం లోపల మా క్లాస్ లీడర్ దగ్గర పేర్లు రాయించుకోండి. సంచులు తెచ్చుకోండి. ఆకు గుర్తుపట్టను రానివాళ్ళు ముందు మా గూడెం పిల్లలకు చూపించి, ఆ తర్వాతే తెంపండి.

— 9వ తరగతి విద్యార్థిని