భార్య పాదం పట్టడానికి బిడియమెందుకు?

గత ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం నా వైద్యశాలకు ఒక దంపతులు వచ్చారు. ఆయన బ్యాంకు ఉద్యోగి, పదవీ విరమణకు చేరువలో ఉన్నారు. ఆమెకు యాభై దాటి రెండేళ్ళయింది. రాత్రి పడుకోగానే అరికాళ్ళలో మంటలు, నిద్ర పట్టకపోవడం, తెల్లవారేసరికి చిరాకు. మధుమేహం లేదని, రక్తహీనత లేదని పరీక్షల కాగితాలు చెబుతున్నాయి. పాదదాహమని నిర్ణయించి, లోపలికి మందు వ్రాసి, "రాత్రిళ్ళు క్షీరబలా తైలంతో పాదాభ్యంగం చేయించుకోండమ్మా" అన్నాను.

"చేసేవాళ్ళెవరండీ? పనిమనిషిని అడగాలి" అన్నది ఆమె.

"మీవారు ఉన్నారు గదా!"

ఆ మాటతో ఆయన కుర్చీలో సర్దుకొని గోడమీది క్యాలెండరు వైపు చూడసాగారు. ఆమె పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకొని, "అయ్యో, ఎంత మాట డాక్టరు గారూ! ఆయన చేత కాళ్ళు పట్టించుకుంటానా? పాపం కాదూ!" అన్నది. నేను నవ్వి ఊరుకొన్నాను. నిజానికి నవ్వవలసిన అర్హత నాకు లేదు. ఆ సంగతి తర్వాత విన్నవిస్తాను.

మన ఇళ్ళలో కాళ్ళు పట్టడమనేది ఒకే దిశలో నడిచే సేవ. భార్య భర్తకు, కోడలు అత్తకు, చిన్నవాడు పెద్దవాడికి. భర్త భార్య పాదాన్ని ముట్టుకొంటే ఆమెకు పాపం చుట్టుకొంటుందని ఒక నమ్మకం, ఆయన పరువు పోతుందని మరొక నమ్మకం. ఈ రెండూ కలిసి దాంపత్యంలో ఒక సహజమైన స్పర్శకు తలుపు మూసివేశాయని నా అభిప్రాయం. పడకగదిలో పాదానికి స్థానం లేదనుకోవడం, ఉందనుకొన్నవాణ్ణి రోగిగా చూడడం, రెండూ పొరపాటే. ఈ విషయం వ్రాయడానికి కొంత సంకోచించాను. ఇటువంటివి మన పత్రికలో కాక మరెక్కడ వ్రాయాలన్న తలంపుతో కలం పట్టాను.

మొదట శాస్త్రం చూద్దాం. చరకసంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయంలో పాదాభ్యంగ ఫలాలను ప్రత్యేకంగా చెప్పారు. పాదాల గరుకుదనం, బిగుసుకుపోవడం, రూక్షత, అలసట, తిమ్మిరి శమిస్తాయనీ, మృదుత్వమూ బలమూ కలుగుతాయనీ, దృష్టి నిర్మలమవుతుందనీ, గృధ్రసి, పాదాల పగుళ్ళు రావనీ ఆచార్యుల మాట. దృష్టి గురించిన వాక్యాన్ని గౌరవిస్తాను గాని, అరికాళ్ళకు నూనె వ్రాస్తే కళ్ళజోడు తీసివేయవచ్చునని మాత్రం ఎవరికీ చెప్పను. వాగ్భటుడు అష్టాంగహృదయంలో అభ్యంగం నిత్యం చేయమని, శిరస్సుకు, చెవులకు, పాదాలకు మరింత శ్రద్ధగా చేయమని అన్నాడు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అరికాలి చర్మంలో చెమట గ్రంథులు విస్తారంగా ఉన్నా, చమురును ఊర్చే గ్రంథులు లేవు. అందుకే అక్కడ చర్మం అంత త్వరగా ఎండి పగులుతుంది. బయటినుంచి స్నేహం అందించవలసిన చోటు అది. స్నేహమనే మాటకు సంస్కృతంలో నూనె అనీ, ప్రేమ అనీ రెండర్థాలున్నాయని పాఠకులకు నేను గుర్తు చేయనక్కరలేదు.

కామశాస్త్రకారులు ఇంకొంచెం ముందుకు వెళ్ళారు. వాత్స్యాయనుడు చెప్పిన అరవైనాలుగు కళలలో ఉత్సాదన, సంవాహన, కేశమర్దనాలలో నేర్పు ఒక కళ. దానికి జయమంగళ వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు మర్దనాన్ని రెండు విధాలుగా విడదీసి, పాదాలతో చేసే మర్దనమే ఉత్సాదనమన్నాడు. పాదం సేవ పొందేదే కాదు, సేవ చేసేది కూడానన్నమాట! కేరళలో కళరి విద్యకు అనుబంధంగా వచ్చిన చవిట్టి ఉళిచ్చిల్‌లో వైద్యుడు పైనుంచి వేలాడే తాడు పట్టుకొని పాదంతోనే ఒళ్ళంతా మర్దన చేస్తాడు. అది శిక్షణ పొందినవారి పని, ఇంట్లో ప్రయత్నించేది కాదు. కొక్కోకుని రతిరహస్యంలో తిథులను బట్టి స్త్రీ దేహంలో కామం నిలిచే స్థానాలు చెప్పారు. కూచిరాజు ఎర్రన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తిథుల లెక్క నేను నమ్మను. కాని ఆ స్థానాలలో కాలి బొటనవ్రేలు, పాదం, చీలమండ ఉండడం గమనించదగినది. పాదం కూడా అనురాగ స్థానమేనని ఆ పెద్దలకు తెలుసు.

కవులకూ తెలుసు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ ఎడమకాలితో కృష్ణుని శిరస్సు తన్నితే, ఆయన కోపగించుకోక ఆమె పాదం నొచ్చిందేమోనని నొచ్చుకొన్నాడు. గీతగోవిందంలో కృష్ణుడు రాధ పాదాన్ని తన శిరస్సున ఉంచమని వేడుకొంటాడు. ఆ మాట వ్రాయడానికి జయదేవుడు జంకి స్నానానికి వెళ్ళాడనీ, ఆ సమయంలో స్వామియే వచ్చి దానిని పూర్తి చేశాడనీ ఒక ఐతిహ్యం. కవికే అంత జంకు ఉన్నప్పుడు బ్యాంకు ఉద్యోగి క్యాలెండరు వైపు చూడడంలో వింతేముంది?

ఇక నా సంగతి. ముప్పై ఏళ్ళకు పైగా వైద్యం చేస్తూ ఎందరికో పాదాభ్యంగం వ్రాసి ఇచ్చాను. మా ఇంట్లో మాత్రం పెళ్ళయిన కొత్తలో మా అమ్మ చెప్పిన ప్రకారం నా భార్య నా కాళ్ళు పట్టేది, నేను పట్టించుకొనేవాణ్ణి. ఆమె పాదాలు ఎలా ఉంటాయని ఎవరైనా అడిగితే చెప్పలేని స్థితి నాది. కొన్నేళ్ళ క్రిందట ఆమె మెట్టు జారి కుడి చీలమండ విరిగింది. ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే కాలు సన్నబడి, చర్మం పొలుసులు రాలుతూ ఉన్నది. ఎముకల వైద్యుడు నెమ్మదిగా నూనె వ్రాయవచ్చునన్నాడు. ఆమెకు వంగితే చేయి అందదు. ప్రక్కింటి అమ్మాయిని పిలవనా అని ఆమె అడిగినప్పుడు నాకు మొట్టమొదటిసారి సిగ్గు వేసింది.

పీట వేసుకొని కూర్చుని పాదం ఒడిలోకి తీసుకోబోతే వెనక్కి లాక్కొంది. "మెట్టెలు తొడిగిన నాడు పట్టుకొన్నారు. మళ్ళీ ఇదిగో, విరిగాక పట్టుకొంటున్నారు" అన్నది. నిష్ఠూరంగా అనలేదు, నవ్వుతూనే అన్నది. నాకు మాత్రం ఆ నవ్వు చాలా రోజులు గుచ్చుకొంది. నిజమే. పెళ్ళిలో సన్నికల్లు మీద వధువు పాదం ఉంచి, వరుడు వంగి తన చేతులతో మెట్టెలు తొడుగుతాడు. అందరి ఎదుట, పురోహితుని సాక్షిగా చేసిన పని. ఆనాడు పాపం కానిది ఆ తర్వాత ఎలా పాపమయిందో నాకు తెలియదు.

రోజూ పదిహేను నిమిషాలు. మొదటి వారం వైద్యమే. రెండవ వారం నుంచి మాటలు మొదలయ్యాయి. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, మా అమ్మ మంచాన పడ్డ రోజులు, నేను ఎన్నడూ అడగనివి, ఆమె ఎన్నడూ చెప్పనివి. మూడవ నెలలో కాలు పూర్తిగా నయమయింది. నూనె గిన్నె మాత్రం లోపల పెట్టలేదు. పదేళ్ళుగా మా మధ్య ఆగిపోయిన సాన్నిహిత్యం ఆ మార్గాన తిరిగి వచ్చింది. అంతకంటె వివరం మా ఆవిడ ఒప్పుకోదు. ఇంతవరకు వ్రాయడానికే బ్రతిమాలవలసి వచ్చింది.

పద్ధతి తెలియక ఆగిపోయేవారి కోసం కొంత చెబుతాను. గోరువెచ్చని నీటితో పాదాలు కడిగి, వ్రేళ్ళ సందులు పొడిగా తుడవాలి. రెండు చెంచాల నువ్వులనూనెను వేడినీటి గిన్నెలో ఉంచి వెచ్చజేసి, ముందు మణికట్టుపై వేసి చూసుకోవాలి. మడమను ఒక అరచేతిలో నిలిపి, రెండవ చేతి బొటనవ్రేలితో మడమనుంచి వ్రేళ్ళవైపు నిదానంగా జరపాలి. తేలికగా తాకితే చక్కిలిగింత పుట్టి ఆమె కాలు లాక్కొంటుంది. నిండుగా, స్థిరంగా పట్టాలి. అరికాలి నడుమ తలహృదయ మర్మం, బొటనవ్రేలికీ రెండవ వ్రేలికీ మధ్య క్షిప్ర మర్మం ఉన్నాయి. అక్కడ ఒత్తిడి సున్నితంగా ఉండాలి. భోజనమైన వెంటనే వద్దు. ముగించాక నూనె పూర్తిగా తుడవకుండా గచ్చుమీద నడవనివ్వరాదు. జారిపడితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

ఆ తర్వాత మీ ఇద్దరి ఇష్టం. మంచం ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని అరికాళ్ళకు అరికాళ్ళు ఆనించి మాట్లాడుకోవచ్చు. ఆమె తన పాదాలతో ఆయన పిక్కలను, తొడలను ఒత్తవచ్చు. వెన్నెముక మీద బరువు మోపి నిలబడడం మాత్రం కూడదు. పాదాన్ని ముద్దు పెట్టుకోవడం, మర్మావయవాలకు పాదస్పర్శ కోరుకోవడం కూడా దంపతులలో ఉన్నదే, అందులో వికృతమేమీ లేదు. అయితే గోళ్ళు కత్తిరించి ఉండాలి, మడమ పగుళ్ళు మానాలి. వ్రేళ్ళ మధ్య ఒరుపు గాని తామర గాని ఉన్నవారు అది పూర్తిగా తగ్గేవరకు ఆగాలి. ఆ శిలీంధ్రం గజ్జలకు సులభంగా ప్రాకుతుంది. నూనె అంటిన పాదం యోనికి తగలనీయకండి, మంట పుట్టవచ్చు. నిరోధ్ వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. నూనె తగిలితే రబ్బరు బలహీనపడి చిరుగుతుంది. సబ్బుతో కడుక్కొన్న తర్వాతే ముందుకు వెళ్ళండి. మోకాళ్ళ నొప్పుల వల్లనో, బహిష్టులు ఆగిన తర్వాత వచ్చే పొడిదనం వల్లనో సంభోగం కష్టమైన దంపతులకు ఈ స్పర్శ ఒక్కటే తృప్తినిచ్చిన సందర్భాలు నాకు తెలుసు. దీనిని మరి దేనికో ఉపోద్ఘాతమని ఎంచనక్కరలేదు.

మధుమేహులకు ఒక మాట. అరికాలి స్పర్శ మందగించినవారికి వేడి తెలియదు. వేడి నూనె, వేడినీరు బొబ్బ లేపినా వారికి తెలియకపోవచ్చు. పుండు ఉంటే మర్దన మాని వైద్యునికి చూపాలి. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి, నొప్పి, వెచ్చదనం ఉంటే అసలు రుద్దకండి. సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అది కదిలితే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఉబ్బిన సిరలను గట్టిగా ఒత్తరాదు. ఇంకొకటి, కంచు గిన్నెతో అరికాలు రుద్దితే నల్లబడినదంతా ఒంట్లోని విషమని కొందరు ప్రచారం చేస్తున్నారు. అది లోహం నూనెతోను, చర్మంలోని ఆమ్లంతోను కలిసి వచ్చే రంగు, అంతే. గిన్నె హాయినిస్తుంది, వాడుకోండి. ఆ మాట మాత్రం నమ్మకండి.

కొంతకాలం క్రిందట ఒక యువకుని ఉత్తరం వచ్చింది. పెళ్ళయి ఏడాది. భార్య పాదాలు చూస్తే తనకు మోహం కలుగుతుందట. ఇది మానసిక రోగమేమోనని భయపడి ఆమెకు చెప్పక దాచాడు. మెదడులో పాదస్పర్శను, జననేంద్రియ స్పర్శను గ్రహించే భాగాలు ప్రక్కప్రక్కన ఉన్నాయని పెన్‌ఫీల్డ్ గీసిన పటం ఆధారంగా, దీనికి కారణం అదే కావచ్చునని డాక్టర్ వి. ఎస్. రామచంద్రన్ ఊహించారు. తర్వాతి పరిశోధనలు కొన్ని ఆ పటాన్నే సందేహించాయి. కాబట్టి కారణం ఇదమిత్థమని చెప్పలేను. రోగమా అన్న ప్రశ్నకు మాత్రం జవాబున్నది. 2022 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండవ రోగ వర్గీకరణలో ఇటువంటి ఇష్టాన్ని రోగాల పట్టికనుంచి తొలగించారు. 2013 నాటి అమెరికా మనోవైద్యుల గ్రంథం కూడా, దానివల్ల తీవ్రమైన బాధ గాని జీవనానికి ఆటంకం గాని కలిగితేనే వ్యాధిగా పరిగణించమన్నది. అది తప్ప మరొకటి రుచించక కాపురం చెడుతున్నదనిపిస్తే మనోవైద్యుని కలవడం మంచిది. లేకపోతే ధైర్యంగా భార్యకు చెప్పమని వ్రాశాను. చెప్పేటప్పుడు కోరికగా చెప్పాలి, హక్కుగా కాదు. ఆమె వద్దంటే అది వద్దే. చక్కిలిగింతో, అయిష్టమో, కారణం అడగకూడదు. వద్దన్న మరుసటి రోజు మళ్ళీ పాదం పట్టుకొని బ్రతిమాలడం కూడా బలవంతమే.

అతనికి జవాబు వ్రాస్తూ మా ఆవిడకు చదివి వినిపించాను. "పాపం, ఆ పిల్లాడు ఏడాదికే చెప్పాలనుకొంటున్నాడు. నయం" అన్నది.

ఆ బ్యాంకు ఉద్యోగి దంపతులు నెల తర్వాత మళ్ళీ వచ్చారు. మంటలు సగానికి తగ్గాయని, నిద్ర పడుతున్నదని ఆమె చెప్పింది. తైలం ఎవరు వ్రాశారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మందుచీటీ తీసుకొని ఆమె గుమ్మం దాటాక, ఆయన చెప్పులు తొడుక్కొంటున్నట్లు ఆగి మెల్లగా అడిగారు.

"డాక్టరు గారూ, ఆ తైలమే నా కాళ్ళకు కూడా పనికివస్తుందా? ఆవిడ కనుక్కోమంది."