ఓ స్టేషనూ... ఓ నదీ... ఓ గుడీ!

బాసర. 2020 డిసెంబరు. ఇండోర్ నుంచి ఓ అమ్మాయిని వెంటబెట్టుకుని కొందరు అక్కడికి వచ్చారు. ఆమెకు వినపడదు, మాటలు రావు. చిన్నప్పుడు తప్పిపోయింది. ఊరి పేరు తెలీదు, అమ్మానాన్నల పేర్లు తెలీవు. ఇంటికి దగ్గర్లో ఓ రైల్వేస్టేషను, ఓ నది, ఒడ్డున గుడి, చుట్టుపక్కల చెరకు, వేరుసెనగ చేలు... గుర్తున్నవి ఇవే.

బాసరలో గోదావరి ఉంది, గుడి ఉంది, రైల్వేస్టేషనూ ఉంది. కానీ అది ఆమె ఊరు కాదు.

ఆ అమ్మాయి పేరు గీత. పాకిస్థాన్ నుంచి తిరిగొచ్చిన గీతగా దేశమంతటికీ తెలుసు.

ఫాతిమా... గీత... రాధ

ఏడెనిమిదేళ్ల వయసులో ఒంటరిగా సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌లో సరిహద్దు దాటిపోయింది గీత. లాహోర్‌లో అక్కడి సిబ్బంది కంటపడింది. ఆ తర్వాత ఈధీ ఫౌండేషన్ ఆమెను చేరదీసింది. కరాచీలో బిల్కీస్ ఈధీ కన్నబిడ్డలా చూసుకున్నారు. ముందు ఫాతిమా అని పిలిచేవారు. పిల్ల హిందువుల అమ్మాయని అర్థమయ్యాక గీత అని పేరు మార్చి, దేవుడి పటాలు పెట్టుకుని పూజ చేసుకునే ఏర్పాటూ చేశారు. అలా పదేళ్లకు పైగా గడిచిపోయాయి.

2015 జులైలో ‘బజరంగీ భాయీజాన్’ విడుదలైంది. మన విజయేంద్రప్రసాద్ రాసిన కథ అది. మాటలు రాని ఓ పాకిస్థానీ పాపను సల్మాన్‌ఖాన్ సరిహద్దు దాటించి తల్లి దగ్గరికి చేరుస్తాడు. సరిగ్గా దానికి తిరగేసిన కథ కరాచీలో ఉందని అప్పుడే అందరి దృష్టీ గీతమీద పడింది. ఆ ఏడాది అక్టోబరు 26న ఆమె దిల్లీలో దిగింది. ఇన్నేళ్లు కాపాడినందుకు ప్రధాని మోదీ ఈధీ ఫౌండేషన్‌కు కోటి రూపాయలు ప్రకటిస్తే, అబ్దుల్ సత్తార్ ఈధీ మర్యాదగా వద్దన్నారు.

సినిమా అయితే అక్కడ ‘శుభం’ కార్డు పడేది. గీత కథ అక్కడ మొదలైంది.

అందరికీ ఓ కూతురు కావాలి

బిహార్‌కు చెందిన ఓ కుటుంబాన్ని ఫొటోలో చూసి వీళ్లే నావాళ్లంది గీత. తీరా ఎదురుపడ్డాక గుర్తుపట్టలేకపోయింది. డీఎన్ఏ కూడా కలవలేదు. ఆ తర్వాత మా పిల్లేనంటూ వేర్వేరు రాష్ట్రాల నుంచి చాలామంది వచ్చారు. అమ్మానాన్నల జాడ చెప్పినవారికి లక్ష రూపాయల బహుమతి ఇస్తామని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మాస్వరాజ్ 2017లో ప్రకటించారు. అయినా ఫలితం లేదు. వచ్చినవాళ్లంతా అబద్ధమాడారని అనుకోలేం. ఏళ్ల కిందట కూతురు తప్పిపోయిన ఇంట్లో టీవీలో కనిపించిన ప్రతి ముఖంలోనూ పోలికలు కనిపిస్తాయి. ఒక్క గీత కోసం సాగిన వెతుకులాటలో ఇంకా తిరిగిరాని కూతుళ్లు ఎందరున్నారో బయటపడింది.

చేతులు చెప్పిన ఊరు

ఇండోర్‌లో ఆనంద్ సర్వీస్ సొసైటీ నడిపే జ్ఞానేంద్ర పురోహిత్, మోనికా పురోహిత్ దంపతులు సంజ్ఞల భాషలో నిపుణులు. వినపడని అన్నయ్య ఆనంద్ ప్రమాదంలో చనిపోయాక, ఆయన పేరునే సంస్థకు పెట్టుకున్నారు జ్ఞానేంద్ర. 2020లో గీత బాధ్యత వీళ్ల చేతికొచ్చింది.

సంజ్ఞల భాష తెలిస్తే చాలదు. పసితనంలో బడికి పోని పిల్లకు ఊరినీ ఇంటినీ చెప్పడానికి సొంత సైగలే ఉంటాయి. ఓపిగ్గా కూర్చోబెట్టి, ఒక్కో సైగకూ అర్థం వెతికారు. స్టేషను, నది, గుడి, చెరకు తోటలు అలా ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. సంఝౌతా దాకా ఏ రైల్లో వెళ్లి ఉంటుందన్నది మరో ప్రశ్న. నాందేడ్ నుంచి అమృత్‌సర్‌కు సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. అది ఎక్కి ఉంటుందని ఊహించి, ఆ చుట్టుపక్కల ప్రాంతాలమీద దృష్టి పెట్టారు. నాందేడ్, బాసర, పర్భణీ... గీతను వెంటబెట్టుకుని ఊరూరూ తిరిగారు. ఆమె తల అడ్డంగా ఊపితే మళ్లీ బయల్దేరారు.

పొట్టమీది మచ్చ

చివరికి పర్భణీలో ఓ తల్లి ముందుకొచ్చింది. తప్పిపోయిన కూతురి పేరు రాధ అంది. పొట్టమీద కాలిన మచ్చ ఉండాలంది. చూశారు. ఉంది!

గీతకు కన్నతల్లి దొరికిందని, అసలు పేరు రాధ అని 2021 మార్చిలో కరాచీ నుంచి బిల్కీస్ ఈధీ సంతోషంగా ప్రకటించారు. మరుసటేడు ఏప్రిల్లో ఆమె కన్నుమూశారు. పెంచిన తల్లి ఆ కబురు విని వెళ్లిందన్నది ఒక్కటే ఊరట.

అయితే, గీత ఊహించుకున్న ఇల్లు అలాగే లేదు. తండ్రి ఏళ్ల కిందటే చనిపోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. కూతుర్ని చూసి భోరుమంది కానీ, ఏం చెబుతోందో అర్థంకాలేదు. ఆమెకు సంజ్ఞల భాష రాదు. ఇద్దరి మధ్యా మూడో మనిషి ఉండాల్సిందే. వెతికిపెట్టడంతో సేవకుల పని అయిపోదని చెప్పేది ఆ క్షణమే. మాట కలపాలి, చదువు చెప్పించాలి, తన కాళ్లమీద తాను నిలబడేలా చూడాలి. 2024లో గీత ఎనిమిదో తరగతి పాసైంది. అప్పుడామె కోరుకున్నది ఓ ఉద్యోగం.

మన ఇంట్లో అయితే...

ఎవరైనా తప్పిపోతే ఒకరోజు చూద్దాంలే అని ఆగకూడదు. పిల్లలు కనిపించడంలేదని ఫిర్యాదు వస్తే పోలీసులు ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఫలానా స్టేషనుకే వెళ్లాలని లేదు, ఏ స్టేషనులోనైనా ఇవ్వొచ్చు. పిల్లల విషయంలో 1098కి ఫోన్ చేయొచ్చు. తెలంగాణ పోలీసులు 2018లో తెచ్చిన ‘దర్పణ్’లాంటి సాధనాలు తప్పిపోయినవారి ఫొటోలను ఆశ్రమాల్లో ఉన్న పిల్లల ఫొటోలతో పోల్చి చూస్తాయి. కాబట్టి ఏటా ఓ స్పష్టమైన ఫొటో తీసి పెట్టుకోవాలి. పుట్టుమచ్చలు, కాలిన మచ్చలు, ముద్దుపేరు, పిల్లలు ఇష్టంగా తినేవి... ఓ కాగితంమీద రాసి పెట్టుకోవాలి. మాటలొచ్చిన పిల్లలకైతే అమ్మానాన్నల పేర్లు, ఊరి పేరు, ఫోన్ నంబరు పాఠంలా నేర్పాలి.

ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ తల్లికి బిడ్డ ఒంటిమీది మచ్చ ఎక్కడుందో గుర్తుంది. వెతికేవాళ్లకు కావలసిందీ అలాంటి ఒక్క గుర్తే.